ఇంటి నీళ్ళు

తాండూరులో ఐదింటికి కదలాల్సిన పాసింజరు ఐదున్నర దాటాక కదిలింది. ఆ కదలడం కూడా ఎవరికో ఉపకారం చేస్తున్నట్టు కదిలింది. కరుణ కిటికీ పక్కన కూర్చుని ఒళ్లోని ప్లాస్టిక్ డబ్బాను రెండు చేతులా పట్టుకుంది. డబ్బా నిండా మురికినీళ్ళు. అందులో మునిగి అరచేయంత స్పాంజి ముక్క. చేపల దుకాణం పరశురాం తన తొట్టిలో ఏడాదిగా నడుస్తున్న ఫిల్టరులోంచి దాన్ని కోసి ఇచ్చాడు. "ఆరనియ్యకు మేడం, రెండు గంటల్ల మీ తొట్ల ఏసెయ్యాలె. గిది మురికి గాదు, దీంట్ల పాణమున్నది" అని మంత్రం ఉపదేశిస్తున్నట్టు గొంతు తగ్గించి మరీ చెప్పాడు. ఎవరికి చెప్తున్నాడు? పదహారేళ్ళకు పైగా సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో నీళ్ళు పరీక్షించి జీతం తీసుకుంటున్న మనిషికి. ఆ స్పాంజి రంధ్రాల్లో కంటికి కనపడని జీవులు కూర్చుని, చేపలు వదిలిన విషాన్ని తిని, నీళ్ళను మళ్ళీ నీళ్ళు చేస్తాయని ఇంటర్ చదివేనాటికే తెలిసిన మనిషికి. కరుణ ఆ సంగతి అతనితో అనలేదు, తలూపింది. అనకపోవడం ఆమెకు అలవాటు. అనకుండా ఎదుటివాణ్ణి లోపల తక్కెడలో వేసి తూచడం ఇంకా పాత అలవాటు. పరశురాం ఇవాళ కొంచెం మొగ్గాడు, చెప్పింది నిజం గనక. మొగుడు మాత్రం పెళ్ళయిన కాణ్ణుంచీ ఒక్కసారీ మొగ్గలేదు.

మల్లేశ్వర్ వికారాబాదులో ఒక ప్రైవేటు బడిలో పీఈటీ సారు. మెడలోని విజిలు ఇంటికొచ్చినా తీయడు. కూరలో ఉప్పు తక్కువైతే అరవడు గానీ, ఉప్పు ఎందుకు తక్కువ తినాలో వచ్చినవాళ్ళందరికీ అరిచి చెప్తాడు. మోకాళ్ళ నొప్పికి ఏం తాగాలి, చక్కెర రోగానికి ఏ ఆకు నమలాలి, మూలన ఏది పెడితే ఇల్లు నిలుస్తుంది, అన్నీ ఆయనకు తెలుసు. ఎట్లా తెలుసు అంటే వీడియోలో చూశాడు. కొత్త ఇంట్లో పాలు పొంగించిన వారానికి స్నేహితుడు వెంకటయ్య వచ్చి, హాల్లో చేపల తొట్టి ఉంటే కలిసొస్తుందన్నాడు. అంతే, మూడడుగుల తొట్టి వచ్చింది. వచ్చిన సాయంత్రమే నల్లా నీళ్ళు నింపి, నింపిన గంటకే పన్నెండు గోల్డు చేపల్ని అందులో వదిలాడు. తొట్టిని తూర్పు కిటికీ కింద పెట్టించాడు. "పొద్దుగాల ఎండ తగలాలె. చేపలకు గూడ డి విటమిను గావాలె గదా" అన్నాడు. కరుణ అప్పుడు వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తోంది. డి విటమిను. కత్తి ఆగింది, మళ్ళీ కదిలింది. కిటికీ కింద పెడితే పదిహేను రోజుల్లో నీళ్ళు పచ్చబడతాయని, కొత్త తొట్టి కుదురుకోవడానికి నెల పైన పడుతుందని, అప్పటిదాకా పన్నెండు కాదు, రెండు చేపలే ఎక్కువని అనుకుంది. ఉల్లిగడ్డ కోసుకుంటూ అన్నీ అనుకుంది, ఒక్కటీ అనలేదు. పైపెచ్చు లోపల సన్నగా ఒక తీపి. చూద్దాం సారూ, నీ ఎండా నీ విటమినూ ఎంత దూరం తీసుకుపోతాయో.

బండి రుక్మాపూర్ దాటింది. రెండు పక్కలా కంది చేలు పూత మీదున్నాయి, సాయంత్రపు ఎండకు పసుపు మరీ ఎక్కువైపోయి కళ్ళకు అలసటగా ఉంది. ఎదుటి సీట్లో నలుగురు పేకాడుతున్నారు, వాళ్ళలో ఒకడు ఓడిపోతూ గెలిచే మార్గం మిగతావాళ్ళకు చెప్తున్నాడు. లోకంలో మల్లేశ్వర్లు ఎంతమందో. తొట్టి పెట్టిన మొదటి వారం నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే మల్లేశ్వర్ వచ్చినవాళ్ళను పిలిచి చూపించాడు. "సూడుండ్రి, ఆకలైతున్నదని అడుగుతున్నయి." ఇంకో గుప్పెడు మేత వేశాడు. అవి ఆకలికి కాదు నోరు తెరిచింది, ఊపిరాడక. మేత కిందికి పోయి కుళ్ళి, కుళ్ళింది విషమై, విషానికి అవి ఇంకా పైకొచ్చి, పైకొచ్చిన వాటికి ఇంకా మేత. ఆ మనిషి ఆ పని ఎంత ప్రేమగా చేశాడంటే చూస్తుంటే కంపరం పుట్టేది. మూడు చేపలు చచ్చాయి. పూజిత వాటిని గోడవార మట్టిలో పాతిపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్ల, ఏడవలేదు, గడ్డపార అందక కూర చెంచాతోనే తవ్వింది. మల్లేశ్వర్ ఆమె వెనక నిలబడి "బలహీనమైనయి పోయినయి బిడ్డా, బలమైనయి మిగిలినయి" అని జీవితసత్యం చెప్పాడు.

ఆ మర్నాడు, మూడో తారీఖున, కరుణ పొద్దున్నే తొట్టిలోంచి చిన్న సీసాలోకి నీళ్ళు పట్టింది. ఎవరూ చూడలేదు. లంచ్ డబ్బా పక్కన పెట్టుకుని తాండూరు తీసుకుపోయింది. ల్యాబులో కూలింగ్ టవర్ నీళ్ళ పరీక్ష అయ్యాక, అందరూ టీకి వెళ్ళినప్పుడు, ఇంటి నీళ్ళలో చుక్కలు వేసింది. పసుపు రావాల్సిన చోట ముదురు పచ్చ వచ్చింది. అమోనియా నాలుగు. అర ఉన్నా చేపలకు కష్టమే. మిగిలిన నీళ్ళున్న సీసా మీద అలవాటు కొద్దీ చీటీ అంటించి రాసింది: ఇంటి నీళ్ళు, అమోనియా 4, తారీఖు. రాసి చాలాసేపు చూసింది. అప్పుడు కలిగింది భయం కాదు, జాలి కాదు, గెలుపు. నేననుకున్నదే. రుజువు నా చేతిలో ఉంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మల్లేశ్వర్ తొట్టి అద్దం మీది పాకురు గీకుతూ "గీ పచ్చదనం జూస్తె చెరువు లెక్కనే ఉన్నది, చేపలకు మంచిదే" అన్నాడు. ఆమె నోరు తెరవొచ్చు. రెండు మాటలు చాలు. మేత ఆపండి, రోజూ పావు వంతు నీళ్ళు మార్చండి. సీసా సంచిలోనే ఉంది. సంచిని మంచం పక్కన మేకుకు తగిలించి కూర చేయడానికి వెళ్ళింది.

తర్వాతవన్నీ ఆమె కళ్ళ ముందే జరిగాయి. నీళ్ళు బఠాణీ పప్పు నీళ్ళలా చిక్కగా పచ్చబడ్డాయి, లోపల చేప కనిపించడమే గగనమైంది. ఆదివారం నాడు మల్లేశ్వర్ తొట్టి మొత్తం ఖాళీ చేశాడు. రాళ్ళను సబ్బు పెట్టి తోమాడు. ఫిల్టరు స్పాంజిని వేడినీళ్ళలో ఉడికించి, పిండి, ఎండలో ఆరేశాడు. కుదురుకుంటున్న కాస్త ప్రాణాన్నీ బట్టలుతికినట్టు ఉతికి ఆరేసి, తొట్టి తళతళలాడుతుంటే నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు. "గిట్లుండాలె!" మంగళవారానికి ఐదు పోయాయి. గురువారం నీళ్ళు మళ్ళీ పచ్చబడుతుంటే ఎవరో చెప్పారని నీలం రంగు మందు తెచ్చి, మూత కొలత చూడకుండా వంపాడు. పాకురు చచ్చింది. చచ్చిన పాకురు కుళ్ళింది. ఇంకో రెండు పోయాయి. కరుణకు ప్రతిదీ ముందే తెలుసు. రేపు ఏమవుతుందో తెలిసిన సీరియల్ చూస్తున్నట్టు సోఫాలో కూర్చుని చూసింది. ఒకసారి ఆయన తిరిగి "ఏమంటవ్?" అని అడిగాడు కూడా. "నాకేం తెలుసు" అంది. ఆ మాట అన్నప్పుడు నాలుక మీద ఎంత రుచిగా ఉందో ఇప్పుడు తలుచుకుంటే నోరంతా చేదు.

బండి ఆగింది. ధారూర్ కాదు, ధారూర్‌కు ముందు, చేల మధ్య, సిగ్నల్ లేక. కరుణ ఫోనులో టైం చూసింది. ఆరు దాటింది. పరశురాం స్పాంజి కోసింది పావు తక్కువ ఐదుకు. డబ్బా మూత తీసి చూసింది, అది ఊపిరి పీలుస్తున్నట్టేమీ కనిపించలేదు, మామూలు మురికిలాగే ఉంది. వాసనకు పక్క సీటు ముసలాయన ముఖం తిప్పాడు. సేడం వైపు మనిషి, తలకు తెల్లపాగా, పేరు దేవప్పట, కూర్చున్నప్పుడే ఎవరూ అడక్కుండా చెప్పుకున్నాడు. "ఇదు ఏన్రీ?" అన్నాడు కన్నడంలో, మళ్ళీ తెలుగులో, "ఏందమ్మా అది, గింత వాసన?" "చేపల తొట్లకు" అంది. "చేపలు దినుటానికా?" "కాదు, సూసుటానికి." ఆయన నవ్వకుండా, "సూసుటానికైతే మరి సూసుకోవాలె గద" అన్నాడు. ఎంత చవక మాట. ఊరి ముసలివాళ్ళంతా ఇంతే, మాటను మాట మీద పేర్చి తత్వం చెప్పానని తృప్తి పడతారు. కరుణ కిటికీ వైపు తిరిగింది. తిరిగినా ఆ మాట పోలేదు. ఎందుకంటే పొద్దున పూజిత అన్నది ఇంచుమించు అదే.

పెన్ను కోసం సంచి వెతికిందట. సీసాను వంటింటి అరుగు మీద పెట్టి నిలబడింది, యూనిఫాం వేసుకుని, ఒక జడ వేసుకుని ఒక జడ వేసుకోకుండా. "అమ్మా, గిది మన తొట్టి నీళ్ళేనా?" ఔనంది. "మూడో తారీఖని రాసున్నది." ఔనంది. "ఆ దినం తొమ్మిదుండె. ఇప్పుడు రెండున్నయి." కరుణ చపాతీ తిప్పుతూ, పని హడావుడి ముఖం పెట్టి, మీ నాన్నకు చెప్తే వింటడా, అంది. పూజిత కోపం లేకుండా, లెక్కల మాస్టారికి తప్పు చూపించినట్టు, "నాన్నకు తెల్వదు. నీకు తెల్సు" అని బడికి వెళ్ళిపోయింది. రెండో జడ దారిలో వేసుకుందో లేదో. చపాతీ మాడింది. పదమూడేళ్ళుగా ఆ పిల్ల ముందు తండ్రి మూర్ఖుడని కళ్ళతోనే నేర్పుతూ వచ్చింది, ఇద్దరూ ఒక పక్షమని అనుకుంది. పిల్ల కూడా తూచడం నేర్చుకుంది. నేర్చుకుని మొదట తల్లినే వేసింది తక్కెడలో.

అయినా తనది తప్పా? చెప్పి చూడలేదా? చెప్పింది. పెళ్ళయిన రెండో నెల, దౌల్తాబాదులో ఆడబిడ్డ ఇంట్లో విందు. బోరు నీళ్ళు తాగి పండ్లు గారపట్టాయని ఎవరో అంటే మల్లేశ్వర్, "మరిగించి తాగుండ్రి, ఫ్లోరైడ్ ఆవిరైపోతది" అన్నాడు. కొత్త కోడలు, అప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్ల, ఉత్సాహం ఆపుకోలేక, "మరిగిస్తే పోదు, ఇంకా చిక్కబడతది" అంది. విస్తళ్ళ ముందు ముప్పై మంది ఆమె వైపు తిరిగారు. మల్లేశ్వర్ నవ్వాడు. "మా ఇంటికి సైంటిస్టును తెచ్చుకున్నం. జర జాగ్రత్త, గ్లాసుల నీళ్ళు గూడ పరీక్ష చేసే ఇస్తది!" ముప్పై మందీ నవ్వారు. ఆడబిడ్డ అన్నం వడ్డిస్తూ నవ్వింది. నాటి నుంచి దౌల్తాబాదులో ఆమె పేరు సైంటిస్టమ్మ. ఆ రోజే నిర్ణయించుకుంది, ఈ మనిషి గోతిలో పడుతున్నా గోతి ఉందని చెప్పనని. చిన్న విషయం. చెప్పుకుంటే ఎవరైనా ఇంతేనా అంటారు. ఆ చిన్నదాన్నే రోజూ మేత వేసి ఇన్నేళ్ళు పెంచింది. పెద్దేముల్‌లో నాన్నకు జరిగింది కూడా అంతే కదా అనుకునేది, అది తలుచుకుని తన మౌనానికి వంశం కూడా కట్టుకుంది.

నాన్న కిష్టప్ప గొర్లు కాసేవాడు. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు, మండు వేసవిలో, కుంట అడుగంటి నీళ్ళ మీద రంగు డబ్బా ఒలికినట్టు ఆకుపచ్చ మీగడ కట్టింది. నాన్న మందను గట్టు మీదే ఆపి కర్ర అడ్డం పెట్టాడు. "గా నీళ్ళు దాపకు అంజిలయ్యా, సస్తయి" అన్నాడు పక్క మంద కాపరితో. అంజిలయ్య పగలబడి నవ్వాడు. "కిష్టప్పకు నీళ్ళను జూస్తె గూడ భయమేరా!" అక్కడున్న నలుగురూ నవ్వారు. సాయంత్రానికి అంజిలయ్య గొర్లలో ఏడు, కాళ్ళు కొట్టుకుని చచ్చాయి. ఇన్నాళ్ళూ ఆమెకు గుర్తున్నది ఇంతవరకే. నవ్వు, తర్వాత చావు. చెప్పినవాడి గెలుపు. ఆగిపోయిన బండిలో, ఆవలి చేలల్లో ఎండ దిగిపోతుండగా, ఆ సాయంత్రం మిగతా సగం ఎక్కడి నుంచో వచ్చింది. అది గెలుపు కాదు. నాన్న ఇంటికి రాలేదు. అమ్మ సుమిత్రమ్మ సద్ది మూట ఇచ్చి పంపితే కరుణ వెతుక్కుంటూ పోయింది. దూరాన ఎవరిదో మోటబావి దగ్గర నాన్న బొక్కెనతో నీళ్ళు చేదుతున్నాడు, అరచేతులు బొబ్బలెక్కి. తన గొర్లకు కాదు, అంజిలయ్య మందలో మిగిలిన గొర్లకు. అంజిలయ్య గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళ కరుణకు ఒళ్ళు మండి, "నిన్ను జూసి నవ్విండు గద నాయినా" అంది. నాన్న బొక్కెన దించకుండానే, "గొర్లు నవ్వినయా?" అన్నాడు. అంతే అన్నాడు. ఎందుకు మరిచిపోయింది దీన్ని? మరిచిపోలేదు, పనికిరాదని పక్కన పెట్టింది. తన కోపానికి పనికొచ్చే సగం మాత్రం దాచుకుని, రెండో సగం పారేసింది. ఇంత చదివి, నీళ్ళలో పదిలక్షల వంతు తేడా పట్టుకోగలిగి, తనలో చేరిన దాన్ని ఒక్కసారీ సీసాలో పట్టి చూసుకోలేదు.

బండి కదిలింది. ధారూర్, గొడంగూడ. ఆరూ ముప్పావుకు వికారాబాదులో దిగి, ఆటోవాడు ఇంకో ఇద్దరు ఎక్కాలని ఆగితే, మొత్తం ఆటో తనకే అని ఎక్కి కూర్చుంది.

తలుపు తీసే ఉంది. హాల్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి, తొట్టి లైటుతో సహా. మల్లేశ్వర్ ట్రాక్ ప్యాంటు మోకాళ్ళ పైకి లాక్కుని, ఒక చేతిలో పైపు, కాలి దగ్గర రెండు బకెట్లు, మెడలో విజిలు. పూజిత కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. ఆమె ముందు పాత పేపరు మీద ఒక చేప, నారింజ రంగు అప్పుడే వెలిసిపోతూ. తొట్టిలో ఒక్కటే మిగిలింది, ఓ మూలకు చేరి, పైకి, నోరు తెరుచుకుని. పొద్దున చెప్పి ఉంటే. నిన్న. మూడో తారీఖున.

"మొత్తం నీళ్ళు తీసేస్తున్న" అన్నాడు మల్లేశ్వర్. "గీసారి ఉప్పేసి కడిగితె సాఫ్ అయితది."

"జర ఆగుండ్రి. మొత్తం తియ్యొద్దు."

ఆయన చూశాడు, చూసి నవ్వాడు. "వచ్చింది సైంటిస్టమ్మ."

ఆ నవ్వు అదే నవ్వు. పళ్ళు కూడా అవే పళ్ళు. లోపల పాత తలుపు మూసుకోబోవడం ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఎంత సులువు, సంచి మేకుకు తగిలించి వంటింట్లోకి నడవడం. కాళ్ళు ఒకడుగు అటు వేశాయి కూడా.

"ఆఁ, వచ్చిన" అంది ఆగి. "నీళ్ళల్ల విషమున్నది. పన్నెండు రోజుల కిందనే పరీక్ష చేసిన. నాకు తెల్సు. మీకు చెప్పలే."

మల్లేశ్వర్ పైపు పక్కన పెట్టాడు. "తెలిస్తె చెప్పకపోతివా? ఎందుకు చెప్పలే?"

"దౌల్తాబాదుల నవ్విండ్రు గద."

"దౌల్తాబాదులనా? ఎప్పుడు?" నిజంగానే వెతుక్కుంటున్నాడు, కళ్ళు చిట్లించి, ఏదో మ్యాచ్ స్కోరు గుర్తుతెచ్చుకుంటున్నట్టు. దొరకలేదు. అందులో నటన లేదు, నటించేంత తెలివి ఆయనకు లేదు. పదహారేళ్ళు ఆమె ఎవరి మీద కావలి కూర్చుందో ఆ మనిషి ఆ ఊళ్ళోనే లేడు. నవ్వొచ్చింది ఆమెకు, నవ్వితే ఏడుపయ్యేలా ఉండి, మింగింది.

"పోనీయుండ్రి" అంది. "మేత రెండు రోజులు బంద్. పావు వంతు నీళ్ళే తియ్యాలె. పొద్దుగాల బకెట్ల పట్టి పెట్టిన నీళ్ళుంటే అయి పొయ్యాలె, నల్లాది సక్కగ పొయ్యొద్దు, దాంట్ల క్లోరినుంటది. కిటికీకి దుప్పటి గట్టుండ్రి."

"మరి ఎండ? డి విటమిను..."

"చేపలకు అక్కర్లేదు."

"అట్లెట్ల? వీడియోల..."

"అక్కర్లేదు" అంది మళ్ళీ. మూడోసారి కూడా అనాల్సొచ్చింది. మూడుసార్లు చెప్పడం ఇంత మామూలు పని అని తెలియదు, గొంతేమీ పోలేదు. ఆయన గొణుగుతూనే దుప్పటి తెచ్చాడు. తెచ్చి వంకరగా కట్టాడు. కడుతూనే ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, "వెంకటయ్యా, నీళ్ళు మొత్తం మార్చొద్దురా, గదే మనం జేసిన తప్పు" అని తనే కనిపెట్టినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. కరుణ విన్నది. రోతగానే ఉంది. చెప్పుకోనీ, వెంకటయ్య ఇంట్లోనైనా నాలుగు చేపలు బతుకుతాయి.

ఆమె చేతులు కడుక్కుని, సబ్బు లేకుండా, డబ్బాలోని స్పాంజిని తీసి ఫిల్టరులో ఇరికించింది. మోటారు గుర్రుమంది, బుడగలు లేచాయి. పూజిత కుర్చీలోంచి లేవలేదు. తల్లి వైపు కాదు, అద్దం వైపే చూస్తోంది.

"గిదన్న బతుకుతదా?" అంది.

బతుకుతదని చెప్పొచ్చు. అట్లా చెప్పే మనిషి ఆ ఇంట్లో ఒకడున్నాడు. చావనీ అనుకుంటూ కూర్చునే మనిషి కూడా ఉండేది. కరుణ చేపను చూసింది, మొప్పలు ఎర్రబడి ఉన్నాయి, తోక కొస ఇంకా ఆడుతోంది.

"తెల్వదు బిడ్డా" అంది. "రేపు పొద్దుగాల సీసల నీళ్ళు పడదాం, ల్యాబుల పరీక్ష చేస్త. ఎంతొస్తే అంత నీకు చెప్త."

పూజిత లేచి వెళ్ళి, వంటింటి అరుగు మీది సీసాను తెచ్చి, అందులోని పాత నీళ్ళు పారబోసి, నల్లా కింద మూడుసార్లు కడిగింది.